ఇంగ్లీష్ మాటలు చాలానే వచ్చు, మరి వాక్యం ఎందుకు రాదు?

తెలుగులో మాట్లాడుకునే ఇద్దరిని ఒక పది నిమిషాలు శ్రద్ధగా వింటే ఆ మాటల్లో ఎన్ని ఇంగ్లీష్ పదాలు దొర్లుతాయో లెక్క తేలదు. ఫోన్, మీటింగ్, లేట్, టెన్షన్, ప్లాన్, క్యాన్సిల్, డౌట్, అడ్జస్ట్, కన్ఫర్మ్, రిస్క్, ఛాన్స్, మిస్టేక్. పెద్దగా చదువుకోనివాళ్లు కూడా వీటిని అలవోకగా వాడేస్తారు. అంటే ఇంగ్లీష్ నేర్చుకుందామని కూర్చునే తెలుగువాళ్లు సున్నా దగ్గర మొదలుపెట్టడం లేదు, వాళ్ల దగ్గర ఇప్పటికే వందల పదాల నిల్వ ఉంది. అయినా ఎదుటి మనిషి ఇంగ్లీష్‌లో పలకరిస్తే నోరు పెగలదు. తెలిసిన పదాలే వాక్యంలోకి వచ్చేసరికి ఒకదాని పక్కన ఒకటి కుదురుగా కూర్చోవు. చాలామంది దీనికి 'వొకాబులరీ తక్కువ' అని పేరు పెట్టుకుని ఇంకో వెయ్యి పదాల జాబితా తెచ్చుకుని బట్టీ పట్టడం మొదలుపెడతారు. రోగం ఒకటైతే మందు ఇంకొకటి అన్నట్టు ఉంటుంది అది.

అసలు తిరకాసు ఎక్కడుందో తెలియాలంటే తెలుగు ఇంగ్లీష్ పదాలను తనలో ఎలా కలుపుకుంటుందో చూడాలి. ఇంగ్లీష్ పదం ఏదైనా సరే, దాని వెనక 'చేయి' అనో 'అవు' అనో తగిలిస్తే తెలుగు క్రియ తయారైపోతుంది. క్యాన్సిల్ చేశాడు, క్యాన్సిల్ అయింది. కన్ఫర్మ్ చేశారు, కన్ఫర్మ్ అయింది. భాషకున్న మంచి సౌలభ్యం ఇది, ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే దీనివల్ల ఒక సంగతి జరుగుతుంది. పేర్లూ, పెద్ద క్రియలూ తెలుగులోకి వచ్చేస్తాయి, ఇంగ్లీష్ వాక్యంలో వాటిని మోసే చిన్న క్రియలు, అంటే గెట్, టేక్, మేక్, హ్యావ్, పుట్, గివ్, కీప్ లాంటివి మాత్రం బయటే ఆగిపోతాయి, ఎందుకంటే వాటి పని మన 'చేయి', 'అవు' ఎప్పుడో తీసేసుకున్నాయి. అందుకే 'మిస్టేక్' తెలుసు గానీ దానికి తోడు 'మేక్' అని తెలియదు. హోంవర్క్‌కి 'డు', ఫోటోకి 'టేక్', అటెన్షన్‌కి 'పే', ప్రామిస్ ఇవ్వడానికి 'మేక్', ఇచ్చిన ప్రామిస్ నిలబెట్టుకోవడానికి 'కీప్'. తెలుగులో చాలావాటికి 'చేయి' ఒక్కటే సరిపోతుంది కాబట్టి ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు కూడా చేతికందిన 'డు' వేసేసి 'ఐ డిడ్ ఎ మిస్టేక్' అనేస్తారు. పరీక్ష 'రాయడం' అలవాటు కాబట్టి 'ఐ రోట్ ద ఎగ్జామ్' అంటారు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మామూలుగా వినిపించేది 'ఐ టుక్ ద ఎగ్జామ్'.

ఇంగ్లీష్ ఏదో అడ్డగోలు భాష కాబట్టి ఇలా ఉందనుకుంటే పొరపాటు. తెలుగు కొత్తగా నేర్చుకునేవాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి. మనకు జ్వరం వస్తుంది, జలుబు మాత్రం చేస్తుంది. ఆకలి వేస్తుంది, నిద్ర పడుతుంది, కోపం వస్తుంది, భయం వేస్తుంది, బాధ కలుగుతుంది, అనుమానం పడతాం, అలుగుతాం. 'నాకు జ్వరం చేసింది' అని ఎవరైనా అంటే అర్థం కాకపోదు, కానీ ఆ మనిషికి తెలుగు కొత్త అని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. జలుబు 'చేసినప్పుడు' జ్వరం ఎందుకు 'చేయదు' అని అడిగితే ఏ వ్యాకరణ సూత్రం దగ్గరా జవాబు దొరకదు, అలాగే అంటాం, అంతే. ఈ జతలను మనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు, వింటూ వింటూ పదంతోపాటే పట్టుబడ్డాయి. 'జలుబు' అనే మాటను విడిగా నేర్చుకున్న తెలుగువాళ్లు ఉండరు, 'జలుబు చేసింది' అన్నది మొత్తంగా నేర్చుకుంటారు. ఇంగ్లీష్ పదాలను మాత్రం జత విడదీసి, పక్కన అర్థం రాసుకుని, ఒంటరిగా నేర్చుకుంటాం. తేడా అంతా ఇక్కడే వస్తోంది.

పదాల జతల మీద పని ఇప్పటిది కాదు. హెరాల్డ్ పామర్ అనే బ్రిటిష్ భాషా బోధకుడు 1920, 30 దశకాల్లో టోక్యోలో పనిచేస్తూ, జపాన్ విద్యార్థులకు ఇంగ్లీష్‌లో ఏది కష్టమవుతుందో గమనించి, ఇలా కలిసి నడిచే మాటల మీద 1933లో ఒక పెద్ద నివేదిక తెచ్చాడు. ఆయన దగ్గర పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ 1942లో టోక్యోలోనే, పరాయి భాషవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక నిఘంటువు తయారుచేశాడు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీగా పేరు తెచ్చుకున్నది అదే. 1980ల్లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ బృందం లక్షలాది పదాల నిజమైన ఇంగ్లీష్‌ను కంప్యూటర్లోకి ఎక్కించి, 1987లో కోబిల్డ్ నిఘంటువు తెచ్చింది. అంత ఇంగ్లీష్‌ను చూశాక సింక్లెయిర్ తేల్చిన విషయం ఏమిటంటే, మనుషులు మాట్లాడేటప్పుడు ఒక్కో పదాన్నీ ఏరి వాక్యం కట్టరు, సగం కట్టి సిద్ధంగా ఉన్న ముక్కలనే ఎక్కువగా వాడతారు. ధారాళంగా మాట్లాడటం అని మనం అనేది చాలావరకు ఇదే. ఒక్కో పదం దగ్గరా ఆగి ఆలోచించేవాళ్లు ఎంత తెలివైనవాళ్లైనా మాటకు మాట అందించలేరు.

మన వాక్యం తీరుకూ ఇంగ్లీష్ వాక్యం తీరుకూ ఉన్న ఇంకో తేడా పట్టుకుంటే రోజువారీ మాటల్లో సగం చిక్కు విడిపోతుంది. తెలుగులో చాలా సంగతులు మన దగ్గరకు 'వస్తాయి'. నాకు జ్వరం వచ్చింది, నాకు ఆకలి వేస్తోంది, నాకు టైమ్ లేదు, నాకు అర్థమైంది, నాకు నచ్చింది, నాకు గుర్తుంది. ఇంగ్లీష్‌లో ఈ 'నాకు' అంతా పోయి ముందు 'ఐ' నిలబడుతుంది: 'ఐ హ్యావ్ ఎ ఫీవర్', 'ఐ యామ్ హంగ్రీ', 'ఐ డోంట్ హ్యావ్ టైమ్', 'ఐ గాట్ ఇట్', 'ఐ లైక్డ్ ఇట్', 'ఐ రిమెంబర్'. ఫీవర్ కేమ్ టు మీ అని మొదలుపెట్టి మధ్యలో ఇరుక్కుపోయేవాళ్లకు ఈ ఒక్క మార్పు ఎంతో ఊరట. 'నాకు'తో మొదలయ్యే తెలుగు వాక్యం నాలుక మీదకు వస్తే, ఇంగ్లీష్‌లో 'ఐ హ్యావ్', 'ఐ యామ్', 'ఐ గాట్' ఈ మూడింట్లో ఏదో ఒకటి పనికొస్తుందేమోనని ముందు చూడాలి.

ఇక ఎన్ని పదాలు కావాలన్న ప్రశ్న. జార్జ్ జిఫ్ అనే అమెరికన్ పరిశోధకుడు పదాల వాడకంలో ఒక క్రమాన్ని చూపించాడు. ఏ భాషలోనైనా అన్నిటికన్నా ఎక్కువ వాడే పదంతో పోలిస్తే రెండో స్థానంలో ఉన్నది సుమారు సగం సార్లు, మూడోది మూడో వంతు సార్లు వస్తుంది. 1960ల్లో బ్రౌన్ యూనివర్సిటీలో పది లక్షల పదాల అమెరికన్ ఇంగ్లీష్‌ను పోగేసి లెక్కపెడితే అందులో 'ద' ఒక్కటే దాదాపు 7 శాతం ఉంది. ఈ క్రమం వల్లే కొద్ది పదాలు ఎంతో దూరం లాక్కొస్తాయి. తరచూ వాడే ఇంగ్లీష్ పదాలను ఏరి మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన జాబితా, జనరల్ సర్వీస్ లిస్ట్‌లో ఉన్నవి సుమారు 2,000 పదాలు. మామూలు సంభాషణలో వినిపించే మాటల్లో దాదాపు 90 శాతం ఈ పాటి పదాలతోనే నడుస్తుంది. ఈ వెస్ట్ అంతకుముందు బెంగాల్‌లో, ఢాకాలో విద్యాశాఖలో పనిచేసినవాడు. పిల్లల పాఠ్యపుస్తకాల్లో జీవితంలో మళ్లీ ఎదురుపడని అరుదైన పదాలు కుక్కి ఉండటం చూసి, వాటిని తీసేసి తరచూ వాడే పదాలతో కథలు తిరగరాయించిన మనిషి.

ఇది విని 'రెండు వేలు చాలు' అనుకునేవాళ్లు ఒక విషయం మర్చిపోతారు. మిగిలిన 10 శాతం అంటే ప్రతి పది పదాల్లో ఒకటి తెలియనిది. ఎదురుగా మనిషి ఉంటే అడిగి తెలుసుకోవచ్చు, సినిమా చూస్తున్నప్పుడో పుస్తకం చదువుతున్నప్పుడో అడగడానికి ఎవరూ ఉండరు. న్యూజిలాండ్‌కు చెందిన భాషావేత్త పాల్ నేషన్ 2006లో వేసిన లెక్క ప్రకారం, యాభై పదాల్లో ఒక్కటే తెలియనిదిగా మిగలాలంటే మాట్లాడే ఇంగ్లీష్‌కు 6,000 నుంచి 7,000, రాసిన ఇంగ్లీష్‌కు 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు కావాలి. కుటుంబం అంటే హెల్ప్, హెల్ప్స్, హెల్ప్‌ఫుల్, హెల్ప్‌లెస్ అన్నీ కలిపి ఒకటి. అంకె పెద్దదే, కానీ ఇది చేరాల్సిన దూరం, మొదలుపెట్టడానికి కావాల్సిన పెట్టుబడి కాదు. మాట్లాడటానికి కావాల్సినవాటికన్నా వినడానికి, చదవడానికి కావాల్సిన పదాలు ఎప్పుడూ ఎక్కువే. నోటితో వాడే పదాలు కొన్ని, వింటే గుర్తుపట్టే పదాలు అంతకు ఎన్నో రెట్లు, మాతృభాషలో కూడా ఇంతే కదా.

ఇంకో సంగతి జాబితాల్లో కనిపించదు. తరచూ వాడే పదమంటే చాలా అర్థాలున్న పదం. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీలో 'సెట్' అనే మూడక్షరాల క్రియకు నాలుగు వందలకు పైగా అర్థాలు ఇచ్చారు. జాబితాలో మాత్రం అది ఒకే ఒక్క పదం, పక్కన టిక్ కొట్టి ముందుకెళ్లిపోతాం. సి.కె. ఆగ్డెన్ అనే ఇంగ్లండ్ రచయిత 1930లో బేసిక్ ఇంగ్లీష్ పేరుతో 850 పదాల భాష ఒకటి ప్రతిపాదించాడు, అందులో క్రియలు 18 మాత్రమే. చర్చిల్ అంతటివాడు 1943లో దాన్ని మెచ్చుకున్నాడు. 18 క్రియలతో పని ఎలా నడిచిందంటే, వాటి పక్కన ఇన్, అవుట్, అప్, ఆఫ్, ఆన్ తగిలించి. 'ఎంటర్' అనే పదం అక్కర్లేదు, 'గో ఇన్' ఉంది. 'పోస్ట్‌పోన్' అక్కర్లేదు, 'పుట్ ఆఫ్' ఉంది. పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాళ్లకు ఇది సులువుగానే కనిపిస్తుంది. నేర్చుకునేవాళ్లకు మాత్రం 'పోస్ట్‌పోన్' హాయిగా గుర్తుంటుంది, 'పుట్ ఆఫ్' దగ్గరే తల గోక్కోవాల్సి వస్తుంది, ఎందుకంటే 'పుట్'నీ 'ఆఫ్'నీ కలిపితే 'వాయిదా వేయడం' ఎక్కడా కనిపించదు. పదాల సంఖ్య తగ్గింది గానీ నేర్చుకోవాల్సిన బరువు తగ్గలేదు, జతల్లోకి మారింది.

ఈ చిన్న క్రియలకూ పెద్ద పదాలకూ మధ్య గోడ ఎలా వచ్చిందో చరిత్రలో ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక కొన్ని తరాలపాటు దర్బారులో, న్యాయస్థానాల్లో, పెద్దింటివాళ్ల మధ్య ఫ్రెంచ్ నడిచింది, సామాన్యుల ఇళ్లలో పాత ఇంగ్లీషే ఉండిపోయింది. తర్వాత రెండూ కలిసిపోయినా ఆ వాసన మిగిలింది. ఆస్క్, బై, హెల్ప్, బిగిన్ పాత ఇంటి మాటలు. ఎంక్వైర్, పర్చేజ్, అసిస్ట్, కమెన్స్ ఫ్రెంచ్ దారిలో వచ్చినవి, ఇప్పటికీ కాగితం మీద, ఆఫీసు ఉత్తరాల్లో ఉంటాయి. తెలుగులో 'నీళ్లు తాగాను' అనాల్సిన చోట 'జలము సేవించితిని' అంటే ఎలా ఉంటుందో, స్నేహితుడితో 'ఐ పర్చేజ్డ్ ఎ షర్ట్' అంటే దాదాపు అలా ఉంటుంది. ఎక్కువ పేజీలున్న పదాల పుస్తకాలు చదివి వచ్చినవాళ్లు తరచూ ఈ పుస్తక భాషలో చిక్కుకుంటారు. పెద్ద పదం వాడితే గౌరవం పెరుగుతుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. రోజువారీ మాటల్లో అది మేలు చేయకపోగా ఎదుటివాళ్లను దూరం పెడుతుంది.

తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకున్న ఇంగ్లీష్ పదాలతో ఇంకో రకం జాగ్రత్త కావాలి. ఇవి తెలుగులో తప్పు పదాలు కావు, తెలుగులో వాటి అర్థం వేరు, అంతే. 'వాడు ఫీలయ్యాడు' అంటే మనకు నొచ్చుకున్నాడని, ఇంగ్లీష్‌లో 'హి ఫెల్ట్' అని ఆపేస్తే ఏం ఫీలయ్యాడో చెప్పకుండా వాక్యం గాల్లో ఉండిపోతుంది, 'హి ఫెల్ట్ బ్యాడ్' అనో 'హి వాజ్ హర్ట్' అనో పూర్తి చేయాలి. 'నాకో డౌట్' అంటే మనకు ప్రశ్న, ఇంగ్లీష్‌లో 'డౌట్' అంటే నమ్మకం లేకపోవడం, పాఠం చెప్పేవాళ్లతో 'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటే మీరు చెప్పింది నమ్మబుద్ధి కావట్లేదన్న ధ్వని రావచ్చు. 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అంటే గొడవే లేదు. చదువు పూర్తయిందని 'ఐ పాస్డ్ అవుట్' అంటే బయటిదేశాల్లో చాలామంది స్పృహ తప్పిందనుకుంటారు, 'ఐ గ్రాడ్యుయేటెడ్' అనాలి. ఫోన్ 'లిఫ్ట్' చేయడం 'పిక్ అప్' అవుతుంది, 'కట్' చేయడం 'హ్యాంగ్ అప్' అవుతుంది. 'డిస్కస్ అబౌట్', 'రిటర్న్ బ్యాక్', 'టుడే మార్నింగ్' లాంటివి అందరూ ఎత్తిచూపే తప్పులే గానీ వాటివల్ల అర్థం చెడదు, మొదట్లోనే వాటి కోసం బెంగ పెట్టుకోనక్కర్లేదు.

మర్యాద మాటల దగ్గర మాత్రం బెంగ పెట్టుకోవాలి, ఎందుకంటే అక్కడ వ్యాకరణం సరిగ్గా ఉన్నా మనిషి మొరటుగా కనిపించే ప్రమాదం ఉంది. తెలుగులో గౌరవం క్రియ చివర ఉంటుంది. 'ఇవ్వు' అన్నదాన్ని 'ఇవ్వండి' చేస్తే చాలు, పని అయిపోతుంది. ఇంగ్లీష్ క్రియకు ఆ సదుపాయం లేదు. అందుకని 'ఇవ్వండి' అనుకుంటూ 'గివ్ మీ' అంటాం, మన మనసులో 'అండి' ఉంటుంది, ఎదుటివాళ్ల చెవికి 'ఇవ్వు' వినిపిస్తుంది. 'ప్లీజ్' చేర్చినా అది ఆజ్ఞ కిందే మిగులుతుంది, కాస్త మెత్తబడిన ఆజ్ఞ. ఇంగ్లీష్‌లో మెత్తదనం ప్రశ్నలోనూ, భూతకాలంలోనూ ఉంటుంది: 'కెన్ ఐ హ్యావ్ సమ్ వాటర్' కన్నా 'కుడ్ ఐ హ్యావ్ సమ్ వాటర్' మెత్తన, తెలియని మనిషిని పెద్ద సాయం అడగాలంటే 'ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ హెల్ప్ మీ' ఇంకా మెత్తన. అడిగేది ఇప్పుడే అయినా 'వాజ్' ఎందుకని వ్యాకరణం వెతుక్కుంటే ఉపయోగం లేదు, ఆ వెనక్కి జరగడమే మర్యాద.

అవును, కాదుల దగ్గర కూడా ఇలాంటి చిక్కే ఉంది. 'నువ్వు రాలేదా?' అని తెలుగులో అడిగితే 'అవును, రాలేదు' అంటాం, ప్రశ్నలో ఉన్న విషయంతో ఏకీభవిస్తున్నామని. ఇంగ్లీష్‌లో 'డిడంట్ యు కమ్?' అంటే జవాబు 'నో, ఐ డిడంట్'. వచ్చి ఉంటేనే 'యెస్'. ఇక్కడ రెండు భాషలూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి కాబట్టి ఒట్టి 'యెస్' అని ఊరుకోకుండా వెనక 'ఐ డిడ్' అనో 'ఐ డిడంట్' అనో చేర్చే అలవాటు చేసుకుంటే అపార్థం ఉండదు. 'డు యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?' అన్నదీ ఇలాంటిదే, 'మీకేమైనా అభ్యంతరమా' అని అడుగుతున్నారు, కూర్చోమని చెప్పడానికి 'నో, గో అహెడ్' అనాలి.

చదివితే అర్థమయ్యే వాక్యం వింటే ఎందుకు అందదు అన్నది చాలామందిని నిరుత్సాహపరిచే ప్రశ్న. వేగం ఒక్కటే కారణం కాదు. తెలుగులో రాసిన ప్రతి అక్షరానికీ పలుకు ఉంది, ఎక్కడా ఏదీ మింగేయం అని మన చెవి నమ్ముతుంది. ఇంగ్లీష్‌లో వాక్యంలోని ఒకటి రెండు అక్షరాల మీద బరువు పడి మిగతావి కరిగిపోతాయి. 'వాట్ ఆర్ యు గోయింగ్ టు డు' అన్నది వాడుకలో 'వాటర్య గన డూ' లాగా దొర్లిపోతుంది, 'షుడ్ హ్యావ్' అన్నది 'షుడవ్' అయిపోతుంది. 'కంఫర్టబుల్' అని మనం నాలుగు ముక్కలుగా పలికేది వాళ్ల నోట 'కంఫ్టబుల్'. తెలుగు లిపిలో రాసి చదువుకునేటప్పుడు ఈ బరువు తేడా పూర్తిగా పోతుంది, ఇక్కడ రాసిన వాక్యాలకు కూడా ఆ లోపం ఉంది. కాబట్టి వాక్యాన్ని రాతలో చూసేముందు చెవితో వినడం, విన్న రాగంలోనే పైకి అనడం అవసరం. యాస మార్చుకోవడం గురించి కాదు ఈ మాట. బరువు ఎక్కడ పడుతుందో తెలియకపోతే తెలిసిన పదాన్ని కూడా చెవి గుర్తుపట్టదు.

జ్ఞాపకం సంగతికొస్తే, జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల ముక్కలను తనే బట్టీ పట్టి, తనే మర్చిపోతూ, ఆ లెక్కలు 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో, మొదటి రోజున వేగంగా వచ్చి తర్వాత నెమ్మదిస్తుందని దాని సారం. అంతకన్నా పనికొచ్చే ప్రయోగం 2008లో సైన్స్ పత్రికలో వచ్చింది. కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలోని 40 పదాలు, వాటి ఇంగ్లీష్ అర్థాలు నేర్పించారు. ఒకసారి సరిగ్గా చెప్పగలిగిన పదాన్ని ఆ తర్వాత ఏం చేయాలన్నదే పరీక్ష. కొందరు దాన్ని మళ్లీ మళ్లీ చదివారు గానీ గుర్తుచేసుకునే పరీక్ష మాత్రం మళ్లీ రాయలేదు. ఇంకొందరు చదవడం ఆపేసి ప్రతిసారీ గుర్తుచేసుకుని చెప్పారు. వారం తర్వాత చూస్తే, గుర్తుచేసుకుంటూ వచ్చినవాళ్లకు దాదాపు 80 శాతం పదాలు మిగిలాయి, చదువుతూ మాత్రమే వచ్చినవాళ్లకు 36 శాతం. విశేషం ఏమిటంటే వారం తర్వాత ఎన్ని గుర్తుంటాయనుకుంటున్నారని ముందే అడిగినప్పుడు అన్ని గుంపులవాళ్లూ సుమారు సగం అనే చెప్పారు. మళ్లీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది, ఆ అనిపించడం నమ్మదగింది కాదు.

అలాగే ఒకే పోలికలో ఉన్న పదాలను ఒకేరోజు నేర్చుకోవడం మంచిది కాదని 1990ల నాటి ప్రయోగాలు చూపించాయి. పాఠ్యపుస్తకాలు, చార్టులు మాత్రం ఇప్పటికీ అలాగే కూర్చి ఇస్తాయి: అన్ని రంగులూ ఒకచోట, ఎదురు పదాలన్నీ ఒకచోట, 'లుక్ ఫర్, లుక్ ఆఫ్టర్, లుక్ అప్, లుక్ ఇంటూ' అన్నీ ఒక వరుసలో. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, నాలుగు రోజులు పోయాక ఏది ఏదో కలగాపులగం అయిపోతుంది. 'ఐ యామ్ లుకింగ్ ఫర్ మై కీస్' అన్నది తాళాలు వెతుకుతున్న సందర్భంతో, 'లుక్ ఆఫ్టర్' అన్నది పిల్లల్ని చూసుకునే సందర్భంతో వేర్వేరు రోజుల్లో వస్తే అవి ఒకదానితో ఒకటి తగువు పడవు.

కాబట్టి విషయాన్ని పదాల చుట్టూ కాకుండా సందర్భం చుట్టూ కూర్చుకోవాలి. ఒక ఫోన్ సంభాషణను తీసుకుందాం. నోట్‌బుక్‌లో ఎడమ వైపు తెలుగులో మనం నిజంగా అనే మాట, కుడి వైపు ఇంగ్లీష్‌లో వాళ్లు నిజంగా అనే మాట. 'నేను ఫలానా మాట్లాడుతున్నాను' అన్నదానికి 'హాయ్, దిస్ ఈజ్' అని పేరు చెప్పడం. 'ఒక్క నిమిషం ఉండండి' అంటే 'హోల్డ్ ఆన్ ఎ సెకండ్'. 'మాట తెగి తెగి వస్తోంది' అంటే 'యు ఆర్ బ్రేకింగ్ అప్'. 'సరిగ్గా వినపడలేదు' అంటే 'సారీ, ఐ డిడంట్ క్యాచ్ దట్'. 'మళ్లీ చేస్తాను' అంటే 'ఐ విల్ కాల్ యు బ్యాక్'. చివర్లో మనం 'సరే, ఉంటాను' అంటాం, దాన్ని ఉన్నదున్నట్టు 'ఐ విల్ స్టే' అంటే వెళ్లనని చెప్పినట్టు, వాళ్లనేది 'ఐ హ్యావ్ టు గో, టాక్ టు యు లేటర్'. ఈ వాక్యాల్లో కొత్త పదం ఒక్కటైనా ఉందా? హోల్డ్, బ్రేక్, క్యాచ్, కాల్, గో, అన్నీ చిన్నప్పుడే విన్నవి. లేనిదల్లా వాటి కూర్పు.

రాసుకున్నాక కుడి వైపు మూసి, ఎడమ వైపు చూస్తూ పైకి చెప్పాలి. కుడి వైపు చదువుకుంటూ పోతే ప్రయోగంలో 36 శాతం దగ్గర ఆగినవాళ్ల దారే. చెప్పలేకపోయినవాటిని మర్నాడు, చెప్పగలిగినవాటిని కొన్ని రోజుల తర్వాత, ఆపైన ఇంకా ఎడంగా చూసుకోవాలి. సెబాస్టియన్ లైట్నర్ అనే రచయిత 1972లో అట్టముక్కలు, అరలున్న పెట్టెతో ఈ పద్ధతినే చెప్పాడు: వచ్చిన ముక్క తర్వాతి అరలోకి, రానిది మళ్లీ మొదటి అరలోకి. ఇప్పటి ఫోన్ యాప్‌లు చాలావాటి వెనక ఉన్నది ఇదే ఆలోచన. యాప్ మీద ఖర్చుపెట్టక్కర్లేదు, కాగితం చాలు. కాకపోతే కార్డు మీద ఒంటరి పదం కాకుండా చిన్న క్రియ ఉండాల్సిన చోట ఖాళీ వదిలిన మొత్తం వాక్యం ఉండాలి.

సామెతల్లాంటి రంగురంగుల ఇంగ్లీష్ పదబంధాల జాబితాలను ప్రస్తుతానికి పక్కన పెట్టేయొచ్చు. 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' (కుండపోత వాన) నేర్చుకున్నంత మంది ఆ మాట ఎవరి నోటా విని ఉండరు, అదే 'ఇట్ డిపెండ్స్', 'ఐ యామ్ నాట్ షూర్', 'దట్ మేక్స్ సెన్స్', 'నెవర్ మైండ్', 'ఇట్స్ అప్ టు యు' లాంటివి చప్పగా కనిపిస్తాయి గానీ రోజూ ఎన్నోసార్లు అవసరం పడతాయి. వీటన్నిటికన్నా ముందు నోటికి రావాల్సినవి ఇంకో నాలుగున్నాయి, మాట దొరక్క ఆగిపోయినప్పుడు ఎదుటివాళ్ల దగ్గర్నుంచే ఆ మాటను రాబట్టేవి: వస్తువు చూపించి 'వాట్ డు యు కాల్ దిస్?', సందర్భం చెప్పి 'వాట్ డు యు సే వెన్…?', అర్థం కానప్పుడు 'వాట్ డు యు మీన్ బై దట్?', మళ్లీ చెప్పించుకోవాలంటే 'కుడ్ యు సే దట్ ఎగైన్, ఎ బిట్ స్లోవర్?'. పదాలు తక్కువగా ఉన్నా ఈ నాలుగూ తడబడకుండా అనగలిగితే సంభాషణ ఆగదు, జవాబుగా వచ్చే ప్రతి మాటా దాని జతతో సహా, ఆ సందర్భంతో సహా వస్తుంది. విన్న వెంటనే ఒకసారి పైకి అనేసి, ఆ రాత్రికి నోట్‌బుక్‌లో ఎడమా కుడీ రాసుకోవడమే మిగిలిన పని.